చెవి మీద అరచెయ్యి

అమ్మ పోయాక అమ్మంత అయిన అక్కకు,

ప్రభువు సమాధానం నీకు తోడుగా ఉండాలని కోరుతూ నీ తమ్ముడు రాస్తున్న ఉత్తరం. నేను, మీ మరదలు, పిల్లలిద్దరూ బాగున్నాం. "ఇక్కడ మేమంతా క్షేమం" అని రాయడం మన అలవాటు. ఈసారి "అంతా" అనే మాట దగ్గర కలం ఆగిపోయింది. నీ కొడుకు, నా మేనల్లుడు, బతికే ఉన్నాడు. ముందు ఆ మాట గట్టిగా పట్టుకో, తర్వాత మిగతాది చదువు.

కవరు మీద "బస్సు ఎక్కాకే విప్పాలి" అని పెద్ద అక్షరాలతో రాశాను. నీ సంగతి నాకు తెలియదా! గుమ్మంలోనే చింపి, నిలబడే చదివి, అక్కడే కూలబడతావు. అందుకే నీ చెయ్యి పట్టుకుని లాక్కురమ్మని మీ మరదలిని పంపాను. నువ్వు రావాలన్నంత వరకే ఆమెకు తెలుసు. దారిలో ఆమెను గుచ్చి గుచ్చి అడగకు. నా ఉత్తరాలు బారెడు అని వెక్కిరిస్తావు కదా, అయిదు గంటల ప్రయాణానికి సరిపడా రాశాను. ఈ ఆదివారం సంఘంలో వాక్యం చెప్పే వంతు నాది. ఒంట్లో బాగాలేదని కబురు పంపి, ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. అది అబద్ధమేమీ కాదు.

నీ పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. వాడు తింటున్నాడా అన్నావు. నోటితో కాదు, ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలలాంటిదేదో పోస్తున్నారు. నువ్వు పంపిన ఆకుపచ్చ స్వెటరు ఇచ్చావా అన్నావు. ఆ వార్డులోకి బయటి బట్టలు రానివ్వరు. ఆసుపత్రిలో నేను నడిపే లిఫ్టులో, స్టూలు వెనక మేకుకు తగిలించాను. రోజుకు వందసార్లు నాలుగో అంతస్తు దాకా పోయి, వాణ్ణి చూడకుండానే కిందికి వస్తోంది. నీ మోకాలు ఎలా ఉందిరా అన్నావు. మోకరించేవాడి మోకాలు నొప్పి పుట్టక ఏం చేస్తుంది, అలాగే ఉంది. ప్రార్థనలో నీకేం వినబడింది అన్నావు. దానికి జవాబు చివర రాస్తాను.

ఇక చివరి ప్రశ్న. "తమ్ముడూ, రెండు పేజీలు ఆ డాక్టరమ్మ గురించి రాశావు, నా కొడుకు గురించి నాలుగు లైన్లు. ఆవిడంటే నీకు అంత కుళ్ళెందుకురా?" అన్నావు. చదివి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కాను. కుళ్ళా! నాకా! పరిశుద్ధ గ్రంథం మూడుసార్లు మొదటి నుంచి చివరిదాకా చదివినవాడికా! లిఫ్టు వెనక గోడకు అద్దం ఉంది. తిరిగి చూస్తే అందులో ఒకడు పళ్ళు కొరుకుతూ నిలబడ్డాడు. కుళ్ళే అక్కా. ఆ కుళ్ళు ఎంత దూరం పోయిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

పదకొండేళ్ళుగా ఈ ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతున్నాను. కింద నుంచి నాలుగో అంతస్తుకు నలభై సెకన్లు. నేను బడికి పోయింది మూడో తరగతి దాకా. మిగతా చదువంతా నువ్వు గ్రంథం ముందు పెట్టి, వేలితో అక్షరం అక్షరం చూపించి నేర్పిందే. లిఫ్టులో బోధ చెయ్యమని నన్ను ఎవరూ నియమించలేదు. కానీ ఆ నలభై సెకన్లలో ఎంతమంది కన్నీళ్ళు ఆపానో ఆ దేవుడికి తెలుసు. నాలుగో అంతస్తు అంటే ఊపిరి అందనివాళ్ళ వార్డు. అక్కడికి వెళ్ళేవాళ్ళు నన్నే అడిగేవాళ్ళు, "అయ్యా, మావాడు బతుకుతాడా?" అని. నేను కళ్ళు మూసుకుని రెండో అంతస్తు దాటేదాకా మౌనంగా ఉండి, మూడో అంతస్తు దగ్గర జవాబు చెప్పేవాణ్ణి. తలుపు తెరుచుకునేసరికి వాళ్ళ మొహాలు మారిపోయేవి. రాజులకైనా ఉంటుందా అక్కా అలాంటి పదవి!

ఈ చలికాలం వైరస్ జ్వరాలతో ఆ వార్డు నిండింది. అప్పుడే ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి. ఇస్త్రీ లేని కోటు, జేబులో నీలం కాగితాల కట్ట. అందరూ లెక్కలమ్మ అంటారు. ప్రతి రోగికీ చేరిన రోజున, మూడో రోజున, ఏడో రోజున ఒక నీలం కాగితం నింపుతుంది. వయసెంత, నిమిషానికి ఎన్ని ఊపిర్లు, ఎంత ఆక్సిజన్ పెడితే ఎంత నిలుస్తోంది, మూత్రం సరిగ్గా వస్తోందా, రక్తపరీక్షలో ఏముంది. ఒక్కోదానికి ఇన్ని అని మార్కులు వేసి కూడితే ఒక అంకె వస్తుంది. బడిలో మార్కుల్లా కాదు, ఇక్కడ ఎక్కువ వస్తే ఎక్కువ ప్రమాదం.

రెండు వారాలు తిరగలేదు, జనం ప్రశ్న మారిపోయింది. "బతుకుతాడా?" పోయి "అంకె ఎంత?" వచ్చింది. ఒక కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి "బాబూ, ప్రార్థన చేద్దామా" అంటే, "ఒక్క నిమిషం ఆగండి, ముందు అంకె రానివ్వండి" అన్నాడు. ముందు అంకె, తర్వాత దేవుడా! వాక్యంలో ఒక రాజున్నాడు కదా, ఆడవాళ్ళు పాటలో తనకంటే తన సేవకుణ్ణి ఎక్కువ పొగిడారని ఈటె విసిరినవాడు. చిన్నప్పుడు నువ్వు ఆ కథ చదివిస్తే "ఎంత బుద్ధిలేని రాజో" అని నవ్వాను. ఇప్పుడు ఆయన కడుపులో ఏం మండిందో నాకు అంగుళం అంగుళం తెలుసు. నా దగ్గర ఈటె లేదు కాబట్టి సరిపోయింది.

ఇంట్లో కూడా అదే గోల. అన్నం దగ్గర ఆవిడ మాటే, పడుకోబోయే ముందు ఆవిడ మాటే. మీ మరదలు ఒకరోజు గిన్నెలు కడుగుతూ అంది: "ఆ డాక్టరమ్మను నాకంటే ఎక్కువసార్లు తలుస్తున్నారు. ఇది ప్రేమైనా బాగుండేది, కనీసం నవ్వుతూ తలిచేవారు."

ఇంకో మాట. నేనొక దొంగపని మొదలుపెట్టాను. డాక్టర్లు లిఫ్టులో మాట్లాడుకుంటారు. లిఫ్టువాడు వాళ్ళకు మనిషి కాదు, స్టూలు. ఫలానా మంచానికి నాలుగు, ఫలానా మంచానికి పదమూడు అని ఆవిడ నర్సుకు చెబుతుంటే చెవులు రిక్కించి వినేవాణ్ణి. తర్వాత ఆ నాలుగువాళ్ళ బంధువులు ఎక్కితే కళ్ళు మూసుకుని, మూడో అంతస్తు దగ్గర "మీవాడు లేస్తాడు!" అని గర్జించేవాణ్ణి. పదమూడువాళ్ళు ఎక్కితే "దేవుడి చిత్తం" అని నెమ్మదిగా అనేవాణ్ణి. అన్నవి జరుగుతుంటే నా పేరు మోగింది. ఆవిడ కష్టపడి కట్టిన అంకెలతో నేను ప్రవక్తనయ్యాను అక్కా. అయినా కుళ్ళు తగ్గలేదు, పెరిగింది. ఎందుకంటే జనం ఇంకా "డాక్టరమ్మ కూడా అదే అన్నారండీ" అనేవాళ్ళు. ఆ "కూడా" నా గుండెలో ముల్లు.

ఒకసారి ఆవిడ లెక్క తప్పింది. వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన, అంకె నాలుగే, బాగుపడుతున్నాడనుకున్నవాడు తొమ్మిదో రోజు పోయాడు. ఆ మధ్యాహ్నం ఆవిడ లిఫ్టు ఎక్కింది. కిందికి దింపాను, దిగలేదు. పైకి తీసుకెళ్ళాను, దిగలేదు. అలా మూడుసార్లు తిరిగి, నీలం కాగితం వెనక ఏదో రాసుకుని, మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ మూడు సార్లూ నేను మీటల వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను. ఒక మనిషి చచ్చిపోయాడు, ఆయన పెళ్ళాం కింద మెట్ల మీద కూర్చుని ఉంది, నేను నవ్వు ఆపుకున్నాను. ఒక పట్టణం నాశనమవుతుందని ప్రకటించి, అది కాకపోతే అలిగి ఎండలో కూర్చున్న ప్రవక్త గురించి చదివాం. ఆయనకు కనీసం తన మాట తప్పిందని కోపం. నాకు ఇంకొకరి మాట తప్పిందని సంతోషం.

అప్పుడు నీ కొడుకు వచ్చాడు. సోమవారం. దుకాణానికి అద్దాలు బిగిస్తూ నిచ్చెన మీదే ఆయాసం వచ్చి కూర్చుండిపోయాడట. నా లిఫ్టులోనే పైకి తీసుకెళ్ళాను. అదే రోజు బస్సు కండక్టరు చేతికిచ్చి నీకు ఉత్తరం పంపాను, మర్నాడే నువ్వు "రానా?" అని అడిగావు.

బుధవారం మూడో రోజు కాగితం. ఆవిడ లిఫ్టులోకి వచ్చి, తలుపు మూసుకునేదాకా ఆగి చెప్పింది. "అన్నా, మీ మేనల్లుడి అంకె బాగా పెరిగింది. పన్నెండు. వాళ్ళమ్మగారిని పిలిపించండి. కుర్చీ వేయిస్తున్నాను."

కుర్చీ అంటే నీకు చెప్పాలి. ఆ వార్డులో చూసేవాళ్ళకు రోజుకు అయిదు నిమిషాలే, అదీ గాజు అవతలి నుంచి. కానీ అంకె పదికి చేరితే మంచం పక్కన ఒక కుర్చీ వేస్తారు. ఇంటివాళ్ళలో ఒకరు గౌను, మాస్కు తొడుక్కుని పగలంతా అక్కడే కూర్చోవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు. ఆవిడ వచ్చాకే ఈ పద్ధతి. "కుర్చీ పడిందంటే పోయినట్టే" అని కింద టీ బండి దగ్గర అనేవాళ్ళు. నేనూ లిఫ్టులో "ఆ కుర్చీలో కూర్చోకండి, అది అవిశ్వాసానికి వేసిన పీట" అని బోధించేవాణ్ణి. విని ఎంతమంది కూర్చోకుండా వెళ్ళిపోయారో ఇప్పుడు లెక్కపెట్టుకుంటున్నాను.

"నిశ్చయంగా చెప్పమ్మా, ఉంటాడా, పోతాడా?" అన్నాను.

"ఇలాంటి అంకె వచ్చిన పదిమందిలో నలుగురు ఇంటికి వెళ్ళారు. ఆ నలుగురు ఎవరో ఈ కాగితానికి తెలియదన్నా."

"నాకు తెలుసు. నాకు నిశ్చయం కలిగింది. వాడు నడుచుకుంటూ వస్తాడు."

ఆవిడ కోప్పడితే బాగుండేది. "మీ మాటే నిజం కావాలి. అయినా పిలిపించండి. నిజమైతే ఆవిడ ఆ నడక చూసుకుంటారు కదా" అంది.

ఆ మెత్తదనమే నన్ను కాల్చింది. నిన్ను పిలిస్తే ఆవిడ అంకెకు నేను మోకరించినట్టు. పదకొండేళ్ళ నా గొంతు ఆ నీలం కాగితం కింద పడినట్టు. అందుకే ఆ సాయంత్రం నీకు రాశాను, "నువ్వు రావద్దు, భయం లేదు, నాకు ప్రార్థనలో స్పష్టంగా తెలిసింది" అని. నువ్వు నమ్మావు. ఎందుకు నమ్మవు? నేను ఎప్పుడైనా నీకు అబద్ధం చెప్పానా!

ఇక్కడిదాకా చదివి కిటికీలోంచి బయటికి చూస్తుంటావు. కొంచెం సేపు చూడు. మీ మరదలి దగ్గర నీళ్ళ సీసా ఉంది, రెండు గుక్కలు తాగు. అసలు సంగతి ఇంకా ఉంది.

బుధవారం నుంచి వాడికి మొహమంతా పట్టేసే గట్టి మాస్కు పెట్టారు. మాట రాదు. కుడి చేతికి సూదులు, చెక్కతో కట్టు. పలక ఇచ్చి రాయమన్నారు. ఎడమ చేత్తో గీసింది ఎవరికీ అర్థం కాలేదు. కళ్ళు మాత్రం బాగా తెరిచే ఉన్నాయి. అందరినీ చూసేవాడు. ఆవిడ వస్తే ఆవిడ వెనకే తిరిగేవి ఆ కళ్ళు. గాజు అవతల నిలబడ్డ మేనమామను వదిలేసి. దానికీ మండింది నాకు.

గురువారం ఆవిడ నన్ను పిలిచింది. "అన్నా, మీ అల్లుడు మాటిమాటికీ ఎడమ అరచెయ్యి తీసుకెళ్ళి చెవి మీద పెట్టుకుంటున్నాడు. నా వైపు చూసి మళ్ళీ పెట్టుకుంటున్నాడు. ఏమడుగుతున్నాడో మీకేమైనా తెలుసా?"

అక్కా, నీకు వినబడదని అందరూ తమ చెవి చూపించి చెప్పుకుంటుంటే, నడక రాని రోజుల్లో వాడు దాన్ని పట్టుకుని నీ పేరుగా చేసుకున్నాడు. చెవి మీద అరచెయ్యి అంటే అమ్మ. వాడికి నోటి మాటలు రాకముందు వచ్చిన మొదటి మాట అది. మన ఇంట్లో తప్ప లోకంలో ఎవరికీ తెలియని మాట. ఆ ఆసుపత్రి మొత్తంలో దాన్ని చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

"చెవిపోటేమో అమ్మా. చిన్నప్పటి నుంచీ ఉంది" అన్నాను.

అన్నాను అక్కా. ఈ నోటితోనే. అది అమ్మ అని చెబితే ఆవిడ "చూశారా, పిలిపించమన్నాను కదా" అంటుందని. అంతే. అంతకంటే పెద్ద కారణం కోసం మూడు రోజులుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

చెవుల డాక్టరును పిలిపించారు. వాడు అమ్మను అడిగినప్పుడల్లా చెవిలో చుక్కల మందు వేశారు. వాడు తల అడ్డంగా ఊపేవాడట, కన్నీళ్ళు మాస్కులోకి కారేవట. "పాపం, నొప్పి తగ్గడం లేదు" అని నర్సు లిఫ్టులో చెప్పింది. నేను మీట నొక్కాను. శుక్రవారం సాయంత్రం ఊపిరి బాగా తగ్గిపోయి, మత్తుమందు ఇచ్చి గొంతులో గొట్టం వేశారు. కళ్ళు మూతపడ్డాయి. నీ కొడుకు కళ్ళు తెరిచి నీకోసం చూసిన మూడు రోజులు నేను దొంగిలించాను. మంచం పక్కన ఆ మూడు రోజులూ ఖాళీ కుర్చీ ఉంది. "వాళ్ళమ్మగారు రాలేదా?" అంటే "బస్సులు సరిగ్గా లేవు" అన్నాను. ఇంకెవరూ కూర్చోకుండా ఆవిడ దాని మీద ఒక దుప్పటి మడిచి పెట్టించింది.

నిన్న మధ్యాహ్నం జరిగింది విను. విను అని రాశాను, అలవాటు. చదువు. గొట్టం వేసినవాళ్ళకు రోజూ పన్నెండింటికి మత్తు కాసేపు తగ్గిస్తారు, తెలివి ఎంత వస్తోందో చూడటానికి. నిన్న నేను గౌను వేసుకుని లోపలికి వెళ్ళాను. మొదటిసారి. గొట్టం పీక్కోకుండా చేతులు మంచానికి మెత్తటి గుడ్డతో కట్టి ఉన్నాయి. ఎడమ చెయ్యి కదిలింది. గుడ్డ ఎంతవరకు సాగితే అంతవరకు పైకి లేచింది, చెవి వైపు. అందలేదు. పడిపోయింది. మళ్ళీ లేచింది.

"ఇంకా పోటు ఉన్నట్టుంది, చెవుల డాక్టరుకు మళ్ళీ ఫోను చెయ్యండి" అంది ఆవిడ నర్సుతో.

"చెవి కాదమ్మా!" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది. "వాళ్ళమ్మ. అది వాళ్ళమ్మ పేరు. వాడు మూడు రోజుల నుంచి అమ్మను అడుగుతున్నాడు. నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు."

ఆవిడ తిడుతుందని తల వంచుకున్నాను. తిట్టు కోసం దాహంతో ఉన్నాను. ఆవిడ కుర్చీ మీది దుప్పటి తీసి, కుర్చీని కుడి వైపు నుంచి ఎడమ వైపుకు జరిపింది. "ఎడమ చెయ్యే కదా ఖాళీ" అంది. అప్పుడు కళ్ళు తుడుచుకుంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకంటే ముందు ఆవిడ ఏడ్చిందని ఆ క్షణంలో కూడా అసూయ పడ్డాను.

కిందికి వచ్చేటప్పుడు లిఫ్టులో అడిగింది, "మీ ఇంటి సైగలు ఇంకేమున్నాయి? నేర్పండి." నీళ్ళు, నొప్పి, చాలు, ఇంకా కావాలి. నాలుగు అంతస్తుల్లో నాలుగూ నేర్చుకుంది. నా చెయ్యి కంటే ఆవిడ చెయ్యి తేటగా తిరుగుతోంది. రేపు నువ్వు చూస్తావు, ఆవిడే నీకు ఎదురొచ్చి చెవి మీద అరచెయ్యి పెట్టి పలకరిస్తుంది. అదీ నాకు మండుతూనే ఉంది. ఈ మంట ఒక్క ఉత్తరంతో ఆరేది కాదు.

ఈ ఉదయం వార్డు దాకా వెళ్ళి వచ్చాను, ఆవిడ ఏడో రోజు కాగితం నింపింది. పన్నెండు కాస్తా పది అయింది. "మంచిదేనా?" అంటే "తగ్గడం మంచిదే. ఇంకా తగ్గాలి" అంది. అంతకుమించి నన్ను అడగకు, ఆవిడనూ అడగకు. అంకె పని ఎవరు పోతారో చెప్పడం కాదట, ఎవరి పక్కన ఎవరు ఉండాలో మనకు ముందుగా చెప్పడమట. ఇంత చిన్న విషయం అర్థం కావడానికి నాకు నీ కొడుకు కావలసి వచ్చాడు.

ప్రార్థనలో ఏం వినబడిందిరా అని అడిగావు. ఏమీ వినబడలేదు అక్కా. బుధవారమూ వినబడలేదు, ఇప్పుడూ లేదు. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. నీకు లోకం ఎలా ఉంటుందో నాకు ఇప్పుడు తెలిసింది. మరణం ఖాయమని ప్రవక్త చెప్పి వెళ్ళాక గోడ వైపు తిరిగి ఏడ్చిన రాజుకు పదిహేనేళ్ళ ఆయుష్షు కలిసింది. ఆ కథ నేను వందసార్లు చెప్పాను. ఇకమీదట ఎవరికీ హామీగా చెప్పను. అడుక్కునేటప్పుడు మాత్రం తలుచుకుంటాను.

క్షమించమని ఈ కాగితం మీద అడగను. బస్సులో కూర్చుని నువ్వు జవాబు చెప్పలేవు, జవాబు చెప్పలేనివాళ్ళను అడగడం న్యాయం కాదు. బస్సు పదకొండుకు వస్తుంది. నేను అక్కడే నిలబడి ఉంటాను. కొట్టాలనుంటే అక్కడే కొట్టు, పదిమందిలో కొట్టు. కానీ ఎక్కువసేపు కొట్టకు, పన్నెండింటికి మత్తుమందు తగ్గిస్తారు.

నాకు ఈ గొంతు నీ వల్లే వచ్చింది. నీకు వినిపించాలని చిన్నప్పుడు అరిచి అరిచి పెరిగింది ఇది, ఆ అరుపే తర్వాత బోధ అయింది. రేపు నిన్ను పైకి తీసుకెళ్ళే నలభై సెకన్లు నేను నోరు తెరవను. నీకు వినబడదని కాదు. ఆ స్వెటరు నువ్వే మేకు మీద నుంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకో. తలుపు తెరుచుకోగానే ఎడమ వైపు మూడో మంచం. కుర్చీ నీది.

ఇట్లు,
నీ నోరున్న తమ్ముడు